ఫోటో తీసినవాడు ఎక్కడ నిలబడ్డాడు? గ్రాన్ టురిస్మో 7లో కారుని అసలు ఫోటోలా తీయడం

ప్లేస్టేషన్‌లో ఆడే కార్ల రేసు గేమ్ గ్రాన్ టురిస్మో 7 మొదలెట్టగానే అందులోని కెఫేలో అప్పజెప్పే మొదటి పని, పాత కార్ల షాపుకెళ్లి ఒక చిన్న జపాన్ కారు కొనుక్కోవడం. టయోటా ఆక్వా, మాజ్దా డెమియో, హోండా ఫిట్ అని మూడు ఉంటాయి. ఫోటోలు నేర్చుకోవాలనుకుంటే ఫిట్ తీసుకోండి. 2015లో మన దేశంలో జాజ్ పేరుతో వచ్చింది ఈ తరం బండే.

ఫెరారీలూ లంబోర్గినీలూ ఉండగా జాజ్ ఎందుకంటారా? ఫెరారీని మనం రోజూ చూడం. దాని ఫోటోలో ఎక్కడ తేడా ఉన్నా కంటికి దొరకదు. జాజ్ అలా కాదు. అపార్ట్‌మెంట్ సెల్లార్లో, సిగ్నల్ దగ్గర, పెళ్లిమండపం బయట ఎన్నోసార్లు చూసి ఉంటాం. మా బాబాయి దగ్గర ఆ కారు ఉండేది. ఆదివారం పొద్దున బకెట్టు, పాత టవలు పట్టుకుని నేనే కడిగేవాణ్ణి. వెనక లైటు కింద నుంచి డోర్ల మీదుగా ముందుకు దిగే ఆ లోతైన మడత, దాని మీద వెలుగు ఎలా విరుగుతుందో నా చేతికే తెలుసు. అందుకే గేమ్‌లో అదే కారు ఫోటో తీసినప్పుడు ఏది నిజంలా ఉంది, ఏది బొమ్మలా ఉంది అన్నది నాకు వెంటనే తెలిసిపోతుంది. మీకు బాగా తెలిసిన కారేదైనా గేమ్‌లో ఉంటే దానితోనే మొదలెట్టండి. రంగు మార్చొద్దు, స్పాయిలర్లు బిగించొద్దు, సస్పెన్షన్ కిందికి దించొద్దు. షోరూంలోంచి వచ్చినట్టే ఉండనివ్వండి.

ఇక ప్రతి అడుగులోనూ మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ ఫోటో తీసినవాడు ఎక్కడ నిలబడ్డాడు? గేమ్ కెమెరాకి కాళ్లుండవు, బరువుండదు, లెన్సు ఖరీదుండదు. నిజం ఫోటోకి అవన్నీ ఉంటాయి. చూసేవాళ్లకి కారణం చెప్పడం రాకపోయినా తేడా మాత్రం తెలుస్తుంది. కాబట్టి ఒక మనిషిని ఊహించుకోండి. భుజాన బ్యాగు, చేతిలో కెమెరా, రెండు లెన్సులు. ఆ మనిషి చేయగలిగినంత వరకే మీరూ చేయండి.

చోటు ఎంచుకోవడం

గేమ్‌లో స్కేప్స్ అనే విభాగంలోకి వెళ్లండి. 2017లో వచ్చిన గ్రాన్ టురిస్మో స్పోర్ట్‌లో ఇది మొదలైంది. 2022 మార్చిలో గ్రాన్ టురిస్మో 7 వచ్చేనాటికి 43 దేశాల నుంచి 2,500కి పైగా చోట్లు ఇందులో చేరాయి. అవన్నీ నిజంగా తీసిన ఫోటోలు. ఒక్కో ఫోటోతో పాటు అక్కడ వెలుతురు ఎటునుంచి ఎంత పడుతోంది, రోడ్డు ఎక్కడుంది, గోడ ఎంత దూరంలో ఉంది అన్న సమాచారం కూడా దాచి ఉంటుంది. అందుకే మీరు కారుని వెనక్కి జరిపితే దానంతటదే సరైన సైజుకి చిన్నదవుతుంది, ఆ ఆకాశమే బానెట్టు మీద మెరుస్తుంది. ప్లేస్టేషన్ 5లో అయితే వెలుగు దారిని లెక్కగట్టే రే ట్రేసింగ్ కూడా తోడై మెరుపులు, నీడలు ఇంకా నమ్మకంగా వస్తాయి.

వెనకున్నది అసలు ఫోటో కావడం వల్ల కెమెరాని ఇష్టమొచ్చినట్టు తిప్పే స్వేచ్ఛ తక్కువ. ఇది లోటు కాదు, మేలు. అక్కడ ఒక మనిషి నిజంగా నిలబడి తీసిన చోటే మీకు దొరుకుతుంది. సగం పని అప్పటికే అయిపోయింది.

కొండలూ కోటలూ సూర్యాస్తమయాలూ ఉన్న చోట్లు చూడగానే లాగేస్తాయి. మొదటి పది ఫోటోలకి వాటి జోలికి వెళ్లకండి. జపాన్‌లోని ఒక మామూలు వీధి చూసుకోండి. కరెంటు స్తంభాలు, చిన్న ఇళ్లు, మబ్బు పట్టిన ఆకాశం ఉంటే చాలు. ఫిట్ లాంటి కారు ఆ వీధిలో ఉండటానికి ఒక కారణం ఉంటుంది. ఎవరో ఇంటికొచ్చారు, ఆపారు. కొండ అంచున ఒంటరిగా ఆగిన చిన్న కారుకి ఆ కారణం దొరకదు.

కారుని నిలపడం

ముందు చూడాల్సింది రోడ్డులో ఏ పక్క అన్నది. జపాన్‌లోనూ మనలాగే ఎడమ పక్క నడుపుతారు. యూరప్‌లో ఎక్కువ దేశాల్లో, అమెరికాలో కుడి పక్క. ఫ్రాన్స్ వీధిలో తన ఎడమ పక్క నడుస్తున్న కారు ఫోటో ఎంత బాగున్నా అక్కడివాళ్లకి చూడగానే గుచ్చుకుంటుంది. పక్కనున్న బోర్డులు, రోడ్డు మీద గీసిన బాణాలు చూస్తే ఎటు నిలపాలో తెలిసిపోతుంది.

రెండోది టైర్లు. కారుని సరిగ్గా తెల్లగీత మీద, కాలవ మూత మీద, ఫుట్‌పాత్ అంచులో సగం దిగేలా పెట్టొద్దు. టైరు నేలని తాకే చోట జూమ్ చేసి చూడండి. అక్కడ సన్నటి నల్లటి నీడ గట్టిగా ఉండాలి. ఆ గీత పలచగా ఉంటే కారు గాల్లో తేలుతున్నట్టు అనిపిస్తుంది. అలాంటప్పుడు కారుని కాస్త అటూ ఇటూ జరిపితే సరిపోతుంది. అలాగే ఫోటోలో చెట్టు నీడ రోడ్డంతా పరుచుకుని, మీ కారు మాత్రం నిగనిగలాడుతూ కనిపిస్తే ఆ చోటు వదిలేసి పూర్తి ఎండలోకో పూర్తి నీడలోకో తీసుకెళ్లండి.

స్టీరింగు కొద్దిగా తిప్పే సెట్టింగు ఉంటుంది. ముందు మూల నుంచి తీస్తున్నప్పుడు రిమ్ము ముఖం కెమెరాకి కనిపించేలా, టైరు పళ్లు అవతలికి పోయేలా తిప్పండి. కొంచెమే. పూర్తిగా తిప్పేస్తే పార్కింగ్‌లో ఇరుక్కున్న బండిలా ఉంటుంది. కారు ఆగి ఉంటే డ్రైవర్ని తీసేయండి, బ్రేకు లైట్లు ఆపేయండి. కదులుతుంటే మాత్రం డ్రైవరు ఉండి తీరాలి. ఖాళీ సీటుతో పరుగెత్తే కారు చాలా మంచి ఫోటోల్ని కూడా పాడుచేస్తుంది.

లెన్సు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. లెన్సు ఎంఎం అంకె తగ్గేకొద్దీ చూపు వెడల్పవుతుంది, పెరిగేకొద్దీ దూరాన ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది. 24 ఎంఎంలో పెట్టి కారు దగ్గరికెళ్తే బంపరు పెద్దగా, వెనక భాగం చిన్నగా వచ్చి భలే దూకుడుగా కనిపిస్తుంది. కానీ అది వీడియో గేమ్ పోస్టరు చూపు. లెక్క చూడండి. ముందు మూల నుంచి కారు మొత్తం ఫ్రేములో పట్టాలంటే 85 ఎంఎం లెన్సుతో సుమారు 15 మీటర్ల దూరంలో నిలబడాలి. అదే కారు అదే సైజులో 24 ఎంఎంతో కావాలంటే 4.2 మీటర్లకి రావాలి. ఆ కోణంలో కారు ముందు కొసకీ వెనక కొసకీ మధ్య లోతు సుమారు 3 మీటర్లు అనుకుందాం. 24 ఎంఎంతో ముందు కొస మీకు 2.7 మీటర్లలో, వెనక కొస 5.7 మీటర్లలో ఉంటాయి. అంటే ముందు భాగం వెనక భాగం కంటే రెట్టింపు పెద్దగా పడుతుంది. 85 ఎంఎంతో 13.5, 16.5 మీటర్లు. తేడా ఐదో వంతు మాత్రమే.

మనం వీధిలో కారుని చూసేది పది పదిహేను మీటర్ల నుంచే. మన కంటికి అలవాటైన కారు ఆకారం అదే. అందుకే 70 నుంచి 135 ఎంఎం మధ్య ఉండండి. కారు పట్టకపోతే లెన్సు మార్చకుండా కారుని దూరం జరపండి. ఇరుకు సందులో నిజంగా వెనక్కి వెళ్లే చోటు లేదనుకుంటే 35 లేదా 50 వాడొచ్చు. అక్కడ ఫోటోగ్రాఫరు కూడా గోడకి ఆనుకుని నిలబడతాడు కాబట్టి అది నమ్మేలాగే ఉంటుంది.

ఎత్తు సంగతి. మామూలు మనిషి నిలబడితే కళ్లు 1.5, 1.6 మీటర్ల ఎత్తులో ఉంటాయి. ఫిట్ ఎత్తు కూడా దాదాపు అంతే, అందుకే నిలబడి తీస్తే కారు పైకప్పు సరిగ్గా కంటి గీతలో పడి అందం చెడుతుంది. ఒక మోకాలు కింద పెట్టి, హెడ్‌లైటు ఎత్తులో కెమెరా పట్టుకున్నట్టు ఊహించుకోండి. కార్లు తీసేవాళ్లు ఎక్కువగా చేసేది అదే. నేలకి అంగుళం ఎత్తు నుంచో, మూడంతస్తుల ఎత్తు నుంచో తీస్తే ఫోటోలో ఆ ఎత్తుకి కారణం కనిపించాలి. మేడ మీద రెయిలింగో, ఫ్లైఓవరో ఉండాలి. ఫ్రేముని పక్కకి వాల్చడం పూర్తిగా మానేయండి.

బ్లర్ ఎంత?

నేను మొదట్లో వెనకంతా కరిగిపోవాలని లెన్సులో వెలుతురు వచ్చే కంతని, అంటే అపర్చర్‌ని, తెరవగలిగినంత తెరిచేవాణ్ణి. ఫోటో చూసిన తమ్ముడు, 'అన్నయ్యా, హాట్ వీల్స్ బాగుంది' అన్నాడు. హాట్ వీల్స్ అంటే చిన్న బొమ్మకార్లు. వాడు మెచ్చుకుంటూనే అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను లెక్క వేసుకున్నాను.

ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అపర్చర్ అంత ఎక్కువ తెరుచుకున్నట్టు. పూర్తి సైజు సెన్సరున్న కెమెరాకి 85 ఎంఎం లెన్సు పెట్టి 15 మీటర్ల నుంచి తీస్తే, ఎఫ్ 1.4 దగ్గర స్పష్టంగా వచ్చేది దాదాపు 2.6 మీటర్ల లోతు. ఎఫ్ 2.8 దగ్గర 5.4 మీటర్లు. ఎఫ్ 8 దగ్గర 20 మీటర్లు. ఫిట్ పొడవే నాలుగు మీటర్లు. అంటే ఎఫ్ 2.8 పెట్టినా నిజం కెమెరాలో కారు మొత్తం స్పష్టంగానే వస్తుంది, వెనకున్న ఇళ్లు మెత్తబడతాయి తప్ప కరిగిపోవు. హెడ్‌లైటు మాత్రమే స్పష్టంగా ఉండి వెనక డోరు మసకబారిన ఫోటో ఎక్కడ చూస్తాం? అరచేతిలో పట్టే బొమ్మకారుని అర మీటరు దూరం నుంచి తీసినప్పుడు. మన మెదడుకి ఆ సంబంధం తెలుసు. బ్లర్ ఎక్కువైతే వస్తువు చిన్నదని తేల్చేస్తుంది.

కాబట్టి కారు మొత్తం తీసేటప్పుడు ఎఫ్ 4 నుంచి ఎఫ్ 8 మధ్య ఉంచండి. ఫోకస్ ముందు చక్రానికీ ముందు డోరుకీ మధ్య ఎక్కడో పెట్టండి. ఒక్క హెడ్‌లైటునో, అద్దాన్నో, రిమ్మునో దగ్గర నుంచి తీస్తున్నప్పుడు మాత్రం ఎఫ్ 2, 2.8 దాకా తెరవొచ్చు. దగ్గరైతే నిజం లెన్సు కూడా అంతే మసక ఇస్తుంది.

వెలుతురు

కారు ఫోటో అంటే అద్దం ఫోటోనే. పెయింటు మీద మనం చూసేది చాలావరకు చుట్టూ ఉన్నవాటి ప్రతిబింబమే. ఎప్పుడైనా కడిగిన కారు పక్కన ఓ రెండు నిమిషాలు కూర్చుని చూడండి. బానెట్టులో ఆకాశం ఉంటుంది. డోరు పై సగంలో ఎదురింటి గోడ, కింద సగంలో రోడ్డు. జాజ్ డోరు మీద ఉన్న ఆ మడత దగ్గర పైనున్న తెలుపు ఆగిపోయి, కిందున్న బూడిద రంగు మొదలవుతుంది. ఆ గీత ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తెగకుండా సాగితేనే కారుకి ఒంపు ఉన్నట్టు తెలుస్తుంది. స్కేప్స్‌లో కారుని అంగుళం అంగుళం తిప్పుతూ ఆ గీతని గమనించండి. రెండు మూడు డిగ్రీల తేడాతో చచ్చిన డోరు బతుకుతుంది. నేను ఒక ఫోటోకి పెట్టే సమయంలో సగం దీనికే పోతుంది, దానికి తగ్గ ఫలితం కూడా వస్తుంది.

ఎండ ఉన్న చోటైతే కారు ముందు భాగం, పక్క భాగం రెండూ సమానంగా వెలగకుండా చూసుకోండి. ఒకటి వెలుగులో, ఒకటి నీడలో ఉండాలి. రెండూ ఒకేలా వెలిగితే కారు అట్టముక్కలా అతికించినట్టు ఉంటుంది. మబ్బు పట్టిన చోట ఈ ఇబ్బంది ఉండదు. ఆకాశమంతా ఒకే తెల్లటి తెరలా ఉండి వెలుతురు మెత్తగా జారుతుంది. మొదటి ఫోటోలకి మబ్బే మంచిదన్నది ఇందుకే.

ఫోటో మొత్తం వెలుగుని మార్చే ఎక్స్‌పోజర్‌ని ఒకటి రెండు మెట్లు కిందికి దించి చూడండి. నిజం కెమెరా ఒకేసారి అన్నీ పట్టలేదు. ఆకాశం బాగా రావాలంటే టైరు పైన ఉండే గుంత నల్లగా పోతుంది. ఆ నలుపుని అలాగే ఉండనివ్వాలి. తెల్ల కారైతే తిరగేసి కాస్త పెంచండి, లేకపోతే మాసిన బట్టలా బూడిద రంగులో వస్తుంది. పగటి పూట హై బీమ్ పెట్టి హెడ్‌లైట్ల చుట్టూ వెలుగు చిమ్మించకండి.

కదిలే కారు

ఆగిన కారు బాగా వచ్చాక ప్యానింగ్ మోడ్ తెరవండి. కెమెరా కారుతో పాటు తిరుగుతుంది, కారు స్పష్టంగా, వెనకంతా గీతలుగా వస్తుంది. అసలు రహస్యం చక్రంలో ఉంది. ఫిట్ టైరు వ్యాసం సుమారు 60 సెంటీమీటర్లు, చుట్టుకొలత 1.9 మీటర్లు. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకి దాదాపు 9 చుట్లు తిరుగుతుంది. షట్టరు 1/500 సెకను పెడితే అది తెరిచి ఉన్నంతసేపట్లో చక్రం 6 డిగ్రీలు తిరుగుతుంది. రిమ్ము కడ్డీలు విడివిడిగా లెక్కపెట్టొచ్చు, కారు ఆగినట్టే ఉంటుంది. 1/60 పెడితే 50 డిగ్రీలు దాటుతుంది. కడ్డీలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పలచటి పళ్లెంలా మారతాయి. 1/30 దగ్గర వంద డిగ్రీలు దాటి రిమ్ము పూర్తిగా కరిగిపోతుంది.

ఊళ్లో నడిచే కారుకి 1/60 చుట్టుపక్కల ఉంచండి. కారు వేగం సెట్టింగు ఆ వీధికి తగ్గట్టు ఉండాలి. ఇళ్ల మధ్య 200 పెడితే వెనక గీతలు రాకెట్ వెళ్లినట్టు సాగుతాయి. ఇంకొకటి, చేత్తో చేసే ప్యానింగ్‌లో కారు నూటికి నూరుపాళ్లు స్పష్టంగా రాదు. పక్క నుంచి వెళ్లే కారులో మధ్య భాగం గట్టిగా ఉండి, రెండు కొసలు కొద్దిగా చెదురుతాయి. గేమ్‌లో అది తీసుకురావడం కష్టం కాబట్టి కారుని ఫ్రేముకి సరిగ్గా మధ్యలో కాకుండా, అది వెళ్లే వైపు కాస్త ఖాళీ వదిలి పెట్టండి. చేత్తో తీసిన ఫోటోలో ఉండే ఆ తొందర కొంత వస్తుంది.

రేసు ట్రాకు మీద తీయాలంటే రేసుని మళ్లీ చూపించే రీప్లేని ఆపి ఫోటో మోడ్‌లోకి వెళ్లాలి. ఇక్కడ కెమెరాకి స్వేచ్ఛ ఎక్కువ, ప్రమాదం కూడా ఎక్కువే. ట్రాకు మధ్యలో నిలబడి తీసే ఫోటోగ్రాఫరు ఉండడు. గార్డురైలు వెనక్కి, కంచె పక్కకి వెళ్లి, 200 నుంచి 400 ఎంఎం లెన్సు పెట్టండి. ముందు గార్డురైలు అంచు కొంచెం మసకగా పడినా తీసేయకండి, అదే మీరు నిలబడ్డ చోటికి సాక్ష్యం. జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫే ట్రాకు మీద కారుసెల్ మలుపు ప్రయత్నించండి. లోపలి వైపు కాంక్రీటు గట్టు గిన్నెలా వాలి ఉంటుంది. కారు అందులోకి దిగినప్పుడు ఒళ్లంతా ఒక పక్కకి ఒరుగుతుంది. రీప్లేలో మంచి సంగతి ఇదే. సస్పెన్షన్ నిజంగా పనిచేస్తుంది. బ్రేకు కొట్టిన క్షణంలో ముక్కు కిందికి దిగి, వెనక లైట్లు వెలుగుతాయి. ఆ క్షణంలో ఆపండి. సమంగా నిలబడి పరుగెత్తే కారు కంటే ఇలా ఒరిగిన కారులో బరువు తెలుస్తుంది.

ఫోర్జా హొరైజన్ 5 అనే మరో కార్ల గేమ్ ఆడేవాళ్లకి కూడా ఇవన్నీ పనికొస్తాయి. అక్కడ బ్యాక్‌గ్రౌండ్ ఫోటో కాదు, గేమ్‌లోని మెక్సికో. కాబట్టి ఒక సాయం తీసుకోండి. ఫోటోకి ముందు మట్టిరోడ్డు మీద ఓ ఐదు నిమిషాలు నడపండి. చక్రాల వెనక, డోరు కింద పడే దుమ్ము కారుని ఆ ఊరి కారుగా మార్చేస్తుంది.

రంగులు, సేవ్ చేయడం

ఇక్కడ ఎక్కువ చెప్పడానికేం లేదు. రంగుల గాఢత కొద్దిగా తగ్గించండి, ముఖ్యంగా ఎర్ర కార్లకి. గేమ్ ఎరుపు మరీ మండుతుంది, మడతలు మాయమవుతాయి. గ్రెయిన్, అంటే ఫిల్ము ఫోటోల్లో కనిపించే సన్నటి గరుకుచుక్కలు, ఉందా లేదా అన్నట్టు ఉండాలి. మూలల్లో చీకటి, సినిమా ఫిల్టర్లు, మెరుపుల చుట్టూ కాంతి వలయాలు అన్నీ సున్నా దగ్గర మొదలెట్టి, నిజంగా కావాలనిపిస్తేనే పెంచండి.

సేవ్ చేశాక ఫోటోని ఫోన్లోకి తెచ్చుకుని, గ్యాలరీలో మీ సొంత ఫోటోల మధ్య వదిలేయండి. మర్నాడు పొద్దున గ్యాలరీ తెరిచి వేగంగా పైకి లాగుతూ చూడండి. చిన్న సైజులో, అన్నం ప్లేట్లు, పిల్లల ఫోటోల మధ్య అది కంటికి అడ్డుపడకుండా దాటిపోతే ఫోటో కుదిరినట్టే. అడ్డుపడితే పెద్దది చేసి, ముందు టైరు కింద నీడ, తర్వాత వెనక డోరు మసక, ఆ తర్వాత డోరు మీద గీత, ఈ వరసలో వెతకండి. నాకు తప్పు ఎక్కువసార్లు ఈ మూడింట్లోనే దొరికింది. అదే స్కేప్‌కి వెళ్లి, ఆ ఒక్కటి మాత్రం మార్చి మళ్లీ తీయండి.